ఒక్క ఆవర్తం మెట్టు నుంచి నిండు కీర్తన దాకా

ఈ నెల ‘స్వర సందేహాలు’ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఆరు ఒకే చోట చుట్టుకున్నాయి. చిన్న మెట్టు తడుతుంది, వినడానికి బాగుంటుంది, పాటగా పెంచబోతే అక్కడే ఆగిపోతుంది. అందుకే వాటన్నిటికీ ఒకేసారి జవాబులిస్తున్నాం.

స్వరాలు రాసిన పద్ధతి ఇది: హ్రస్వం (గ) ఒక మాత్ర, దీర్ఘం (గా) రెండు మాత్రలు, కామా ఒక మాత్ర, సెమికోలన్ రెండు మాత్రలు. పైస్థాయి స్వరం పక్కన ' గుర్తు ఉంటుంది. ఆదితాళం అన్న చోటల్లా అక్షరకాలానికి (తాళంలో ఒక దెబ్బకు) 4 మాత్రలు, ఆవర్తానికి (తాళం ఒక చుట్టుకు) 32.

ప్రశ్న: మోహన రాగంలో ‘గా పా గరి సరి’ అని ఒక పలుకు తట్టింది. నాలుగైదు సార్లు తిప్పి పాడాక ఇంకేం చేయాలో తోచడం లేదు. కొత్త పలుకులు కలిపితే అతుకులబొంతలా ఉంటోంది. దీన్ని పల్లవిగా, ఆపైన కీర్తనగా ఎలా పెంచాలి?
– గాత్ర విద్యార్థిని, తెనాలి

జవాబు: ముందు పలుకును విడదీసి చూడండి. ఇందులో రెండు భాగాలున్నాయి. తల: రెండు దీర్ఘాలు, రెండోది మొదటిదానికంటే పైన (గా పా). తోక: నాలుగు హ్రస్వాలు, దిగి, దిగి, మళ్లీ ఒక స్వరం ఎక్కడం (గరి సరి). మొత్తం 8 మాత్రలు. మీకు కావలసిన సరుకంతా ఈ ఎనిమిది మాత్రల్లోనే ఉంది. అతుకులబొంత అవడానికి కారణం మీరు ప్రతి ముక్కకూ కొత్త సరుకు తెస్తుండడమే.

ఆదితాళంలో మొదటి భాగమైన లఘువుకు 16 మాత్రలు, ఆపైన వచ్చే రెండు ద్రుతాల్లో ఒక్కోదానికి 8. మీ పలుకు అందులో చక్కగా నాలుగుసార్లు పడుతుంది. ఇలా పరచండి:

గా పా గరి సరి | గా ధా పగ రిగ || పగరిగ ధపగప || గపగరి సా ;

రెండో ముక్కలో మొదటి గాంధారం (గ) కదలలేదు, తక్కినవన్నీ ఒక్కో స్వరం పైకి జరిగాయి. మూడో ముక్కలో తల లేదు. రెండో ముక్క తోకనే మళ్లీ పట్టుకుని, దాన్నే ఒక స్వరం పైకెత్తి ఇంకోసారి అన్నాం. నాలుగోది ముగింపు. ఆవర్తం నిండింది, బయటినుంచి ఒక్క పలుకూ రాలేదు. ముగింపులోని రెండు మాత్రల ఖాళీ ఊపిరికి. 

ఇప్పుడు సంగతులు, అంటే అదే పంక్తిని కొద్దికొద్దిగా మార్చి పాడే రూపాలు. ఒక సంగతికి ఒక్క ముక్కే మార్చండి. ఆ మార్పును అలాగే ఉంచి తర్వాతి సంగతిలో ఇంకో ముక్క ముట్టుకోండి. మార్పు ఆవర్తం చివర మొదలై వెనక్కి జరుగుతూ రావాలి. ఎత్తుగడ మారకుండా ఉన్నంతసేపూ వినేవాడికి ఇది ఆ పల్లవే అని తెలుస్తూ ఉంటుంది.

రెండో సంగతి: నాలుగో ముక్క ‘గపధప గరి సా’ అవుతుంది.
మూడో సంగతి: మూడో ముక్క ‘ధపగప స'ధపధ’ అవుతుంది.
నాలుగో సంగతి: రెండో ముక్క ‘గా సా' ధప గప’ అవుతుంది.
ఐదో సంగతి: మూడో ముక్క ‘స'ధపధ రి'స'ధస'’, నాలుగో ముక్క ‘ధపగప గరి సా’.

ఐదోదానిలో మాత్రం రెండు ముక్కలు మారాయి. మూడోది తారరిషభం (పైస్థాయి రి) దాకా వెళ్లి పైషడ్జం (పైస్థాయి స) మీద ఆగింది కాబట్టి అక్కడినుంచి దిగడానికి దారి వేయక తప్పలేదు. ఇలాంటి అవసరం ఉన్నప్పుడే రెండు ముక్కలు కలిపి మార్చాలి. నాలుగో సంగతిలో గాంధారం నుంచి పైషడ్జానికి వేసిన దాటును రెండో సంగతిలోనే వాడేయకండి. దాన్ని విన్న చెవికి ఆ తర్వాత వచ్చే ‘గా ధా’ చప్పగా తోస్తుంది. పల్లవి ఎదగడం ఆగిపోయిందని చాలామంది అనుకునేది ఇక్కడే. అసలు జరిగింది పెద్ద సంగతి ముందే ఖర్చైపోవడం.

అనుపల్లవికి కొత్త మెట్టు వెతకనక్కర్లేదు. మీ పలుకునే రెండు స్వరాలు పైకి జరిపితే ‘ధా సా' ధప గప’ వస్తుంది. ఎత్తుగడకు అది చాలు. అక్కడినుంచి తారస్థాయిలో తిరిగి, తారగాంధారం ఒకసారి తాకి, మధ్యస్థాయి పంచమం దగ్గరికి దిగి పల్లవికి అప్పగించండి. అనుపల్లవిని రెండు ఆవర్తాలు చేయండి. చరణం నాలుగు ఆవర్తాలు: మొదటి రెండూ మధ్యస్థాయిలో నెమ్మదిగా నడవాలి, చివరి రెండూ అనుపల్లవి మెట్టే. త్యాగరాజస్వామి (1767–1847) కీర్తనల్లో చాలావాటికి చరణం రెండో సగం ఇలాగే ఉంటుంది. ఇది పని తగ్గించుకోవడం కాదు. కొత్త సాహిత్యంతో పాత మెట్టు తిరిగొచ్చినప్పుడు పాట మొత్తం ఒక్కటిగా వినిపిస్తుంది.

పొడవు ఎంతొస్తుందో లెక్క వేయండి. నిమిషానికి 60 అక్షరకాలాల నడకలో ఆవర్తం 8 సెకన్లు. పల్లవి ఐదు సంగతులు రెండేసి సార్లు: 10 ఆవర్తాలు. అనుపల్లవి మూడు సంగతులు రెండేసి సార్లు: 12. పల్లవి 2. చిట్టస్వరం (పాట మధ్యలో పాడే, ముందే కట్టిన స్వరాల వరుస) 4. పల్లవి 1. చరణం మొదటి సగం రెండుసార్లు: 4. రెండో సగం అనుపల్లవిలాగే 12. చిట్టస్వరం 4. చివరి పల్లవి 2. మొత్తం 51 ఆవర్తాలు, అంటే 408 సెకన్లు. ఎనిమిది మాత్రల పలుకు దాదాపు ఏడు నిమిషాల కీర్తన అయింది. అనుపల్లవి తర్వాత పల్లవికి వచ్చినప్పుడు మొదటి సంగతి నుంచి మళ్లీ మెట్లెక్కకండి, చివరి సంగతితోనే అందుకోండి.

ప్రశ్న: సంగతులు స్వరాలుగా పాడితే బాగున్నాయి. సాహిత్యం పెట్టగానే మాటలు విరిగిపోతున్నాయి. ‘కరుణ చూడవే’ అన్నది నా పల్లవి మొదలు. తప్పు మెట్టులో ఉందా, మాటలో ఉందా?
– గీత రచయిత, వరంగల్

జవాబు: రెండింటిలోనూ లేదు, కూర్చిన చోట ఉంది. ధాతువు (స్వరాలు) ఎంత పెరిగినా మాతువు (సాహిత్యం) తాళంలో తన చోటు వదలకూడదు. మొదటి సంగతిలో ‘చూ’ మూడో అక్షరకాలం మీద పడితే చివరి సంగతిలోనూ అక్కడే పడాలి. మీ పల్లవిలో ‘కరుణ’ మూడూ హ్రస్వాలు. వాటి మీద సంగతి వేస్తే ‘కరూణా’ అయిపోతుంది, మాట చెడుతుంది. సాగే అక్షరాలు ‘చూ’, ‘వే’ మాత్రమే. పెంచదలచిన స్వరాలన్నీ వాటి మీదికి తోయండి. ‘డ’ను ఒక్క మాత్రలో దాటేయండి.

అందుకే మెట్టు ముందు కట్టేవాళ్లు పల్లవి మాట ఎంచుకునేటప్పుడే చూసుకోవాలి: సంగతులు ఎక్కడ పెరుగుతాయో అక్కడ దీర్ఘం ఉందా? పై జవాబులోని మోహన మెట్టులో పెరుగుదల అంతా రెండు, మూడు ముక్కల్లో ఉంది. అక్కడ ‘ఆ’, ‘ఏ’, ‘ఓ’ కారాలుంటే గొంతు విచ్చుకుంటుంది. సున్నా మీద, పొల్లు మీద వేగం సంగతి వేస్తే ముక్కుతో పాడినట్టు ఉంటుంది.

ఇంకొకటి. మాట మధ్యలో ఊపిరి తీయాల్సి వచ్చిందంటే ఆ సంగతి పొడవు ఎక్కువైందని అర్థం. స్వరాలు తగ్గించండి, మాటను కోయకండి. అనుపల్లవి రాసేటప్పుడు పల్లవితో ద్వితీయాక్షర ప్రాస కుదిరిందో లేదో చూడండి. ‘కరుణ’కు ‘ర’ ప్రాస, కాబట్టి ‘వరములొసగు’ లాంటిది కుదురుతుంది. పల్లవికి తిరిగొచ్చినప్పుడు చెవి ఆ ప్రాసను పట్టుకుంటుంది.

ప్రశ్న: నా పాట అర అక్షరం తర్వాత ఎత్తుకుంటుంది. చిట్టస్వరం చివరి ఆవర్తంలో మకుటం (ముగింపు పలుకు) మూడుసార్లు వచ్చేలా 8 మాత్రల ముక్క, మధ్య 4 మాత్రల విరామం పెట్టాను. కాగితం మీద 32 సరిగ్గా కుదిరింది. పాడితే పల్లవికి ముందు ఖాళీ మిగులుతోంది.
– వయొలిన్ విద్యార్థి, విజయనగరం

జవాబు: మీ లెక్క సమానికి (తాళం మొదటి దెబ్బకు) కుదిరింది, ఎత్తుగడకు కాదు. పాట అర అక్షరం తర్వాత మొదలైతే మీరు నింపాల్సింది 32 కాదు, 34 మాత్రలు. సూత్రం ఒకటే: మూడు ముక్కలు, రెండు విరామాలు కలిపి మిగిలిన మాత్రలకు సమానం కావాలి. మూడో ముక్క తర్వాత విరామం ఉండదు, అక్కడ పల్లవే వస్తుంది. 10 మాత్రల ముక్క, 2 మాత్రల విరామం తీసుకోండి: 30, ఆపైన 4, మొత్తం 34. మోహనలో ముక్క ఇలా ఉండొచ్చు:

గపధస' ధపగపగరి ;

చివరి స్వరం రిషభం, పల్లవి గాంధారంతో ఎత్తుకుంటుంది. ఎత్తుగడ స్వరానికి పక్క స్వరం మీద ముగిస్తే అందిపుచ్చుకున్నట్టు ఉంటుంది. అదే స్వరం మీద ముగిస్తే పాట ఎక్కడ మొదలైందో తెలియదు.

ఒకే ముక్క మూడుసార్లు విసుగనిపిస్తే గోపుచ్ఛయతి (ఆవుతోకలా సన్నబడే వరుస) చేయండి. 12, 10, 8 మాత్రలు, మధ్య రెండేసి మాత్రల విరామం. మొత్తం మళ్లీ 34:

సరిగపధస' ధపగపగరి ;
గపధస' ధపగపగరి ;
ధస' ధపగపగరి

కోత ముక్క మొదట్లో పడింది, చివర కదలలేదు. చివర కోస్తే ముగింపు మూడుసార్లూ వేరే అవుతుంది, మకుటం అన్న భావమే పోతుంది. ఒకటిన్నర అక్షరాల తర్వాత ఎత్తుకునే పాటకు 38 మాత్రలు కావాలి: పదేసి మాత్రల ముక్కలు, నాలుగేసి మాత్రల విరామాలు. పాడేముందు చేత్తో తాళం వేస్తూ స్వరాలు లేకుండా ‘తకదిమి’ అంకెలతో పదిసార్లు చెప్పండి. తప్పు నోటికంటే ముందు చేతికి తెలుస్తుంది.

ప్రశ్న: సంగతులు వేయకుండా మెట్టు పెంచడం సాధ్యం కాదా?
– శ్రోత, రాజమహేంద్రవరం

జవాబు: సాధ్యమే, దానికి నిండైన సంప్రదాయం ఉంది. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) సంగతుల మీద ఆధారపడలేదు. విలంబంలో (నెమ్మది నడకలో) పొడవాటి గమకంతో (స్వరాన్ని ఊపి పలకడంతో) రాగాన్ని పరిచి, చివర మధ్యమకాల సాహిత్యంలో అదే తాళానికి రెట్టింపు అక్షరాలు నింపారు. పెరుగుదల ఇక్కడ స్వరాల పైకెక్కడంలో లేదు, నడక చిక్కబడడంలో ఉంది. ప్రయత్నించేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు తాళం వేగం పెంచేయడం. తాళం కదలకూడదు, అక్షరాలే రెట్టింపవ్వాలి. 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చైన సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో ఈ కీర్తనలు గమక చిహ్నాలతో సహా ఉన్నాయి. ఒక్క కీర్తన తీసుకుని మధ్యమకాలం దగ్గర అక్షరాలు లెక్కపెట్టి చూడండి.

మూడో దారి నెరవల్. ఒక సాహిత్య పంక్తి, అదే తాళ స్థానాలు, స్వరాలు మాత్రం అప్పటికప్పుడు. మీ మెట్టు పెరుగుతుందో లేదో పరీక్షించడానికి ఇదే మంచి పద్ధతి. ఒక పంక్తిని పది ఆవర్తాలు నెరవల్ చేయలేకపోతే దానిలో సరుకు తక్కువన్నమాట. కాగితం మీద సంగతులు అల్లే ముందు ఆ పంక్తినే మార్చుకోవడం మేలు.

ప్రశ్న: కీబోర్డు నేర్చుకుంటున్నాను. పాశ్చాత్య సంగీతంలో నాలుగు స్వరాలతో సింఫనీ కట్టారంటారు. ఆ పద్ధతులు మన రాగాలకు పనికొస్తాయా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: మీరు విన్నది బీథోవెన్ ఐదో సింఫనీ గురించే అయి ఉంటుంది. 1808 డిసెంబరులో వియన్నాలో తొలిసారి వినిపించారు. దాని మొదలు మూడు పొట్టి స్వరాలు, ఒక పొడుగు స్వరం. మన లెక్కలో ‘పపప గా’, గాంధారం సాధారణ గాంధారం (మోహన గాంధారం కంటే ఒక స్థానం కిందిది). వెంటనే అదే మాట ఒక స్వరం కింద: ‘మమమ రీ’. గమనించాల్సింది అందులోని స్వరాలను కాదు, లయను. చిన్న విరామం తర్వాత మూడు పొట్టి, ఒక పొడుగు. స్వరాలు మారిపోయినా ఆ లయ కదలికను బట్టి చెవి గుర్తుపడుతుంది. మూడో భాగంలోనూ కొమ్ము వాద్యాల మీద అదే లయ తిరిగొస్తుంది. ఇది మనకు నేరుగా పనికొస్తుంది: మీ మెట్టులో లయను ఉంచి స్వరాలు మార్చండి, లేదా స్వరాలను ఉంచి లయ మార్చండి. రెండూ ఒకేసారి మారిస్తే అది వేరే పాట.

తలకిందులు చేయడం, వెనకనుంచి చదవడం అనే పద్ధతుల దగ్గర మాత్రం జాగ్రత్త. మోహనలో ఆరోహణ, అవరోహణలు ఒకే ఐదు స్వరాలు. ‘గా పా గరి సరి’ని తలకిందులు చేస్తే ‘గా రీ గప ధప’ వస్తుంది. రాగం చెడలేదు, చరణం ఎత్తుకోడానికి కూడా బాగుంటుంది. అదే బిలహరిలో ‘పా మగ రీ’ తీసుకోండి. తిప్పితే ‘రీ గమ పా’. బిలహరి ఆరోహణ సరిగపధస. అందులో మధ్యమం లేదు, అది దిగేటప్పుడే వస్తుంది. అద్దంలో తిప్పిన ఒక్క పలుకుతో రాగం చేజారింది. కాబట్టి తిప్పిన ప్రతి పలుకునూ ఆరోహణ అవరోహణలతో పోల్చాకే ఉంచండి. పోల్చినప్పుడు సరిపోయినా, ఆ రాగంలో అలాంటి నడక పెద్దల కీర్తనల్లో ఎక్కడైనా వినబడుతుందా అన్నది రెండో పరీక్ష.

దీర్ఘం చేయడం, హ్రస్వం చేయడం మనకు కొత్త కాదు, మన కాలాలే అవి. కీబోర్డు మీద గమకం తక్కువ పలుకుతుంది కాబట్టి మొదట్లో మోహన, హంసధ్వని, శుద్ధసావేరి లాంటి రాగాల్లో అల్లండి. తోడి లాంటివి ఆ వాద్యం మీద పెంచబోతే స్వరాలుంటాయి, రాగం ఉండదు.

ప్రశ్న: ఇక్కడ తెలుగు పిల్లలకు నాట్యం నేర్పుతున్నాను. ఎనిమిదేళ్ల పిల్లలకు మూడు నిమిషాల లోపు జతిస్వరం (మాటల్లేని స్వరాలకు చేసే నాట్యం) సొంతంగా కట్టుకోవాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?
– నాట్య గురువు, డాలస్

జవాబు: అమ్మా, మోహనలో పైన చూపిన పల్లవినే వాడుకోండి. నాలుగు చరణాలు చాలు. మొదటి చరణం ఒక ఆవర్తం, అన్నీ సాగే స్వరాలే. మూల పలుకునే రెట్టింపు సాగదీయండి:

గ,,, ప,,, గా రీ సా రీ | గ,,, ధ,,, పా గా రీ గా

పదహారు మాత్రలు రెండుసార్లు, ఆవర్తం నిండింది. పిల్లలు అడవులు (నాట్యంలోని మూల అడుగులు) నేర్చుకునే మొదటి చరణంలో పాదానికి సమయం కావాలి కాబట్టి దీర్ఘాలే మంచివి. రెండో చరణం ఒక ఆవర్తం, హ్రస్వాలు. మూడు, నాలుగు చరణాలు రెండేసి ఆవర్తాలు. వాటిలో ఒకదానిలో స్రోతోవహయతి (ఏరులా వెడల్పయ్యే వరుస) పెట్టండి: ‘ధ, పధ, గపధ, రిగపధ, సరిగపధ’. ముక్కకు ఒక స్వరం పెరుగుతూ పోతుంటే పిల్లలకు అడుగులు కూడా సులభంగా గుర్తుంటాయి. ఈ ఐదు ముక్కల్లో స్వరాలు 15, మధ్య నాలుగు విరామాలు రెండేసి మాత్రలు, కలిపి 23. మిగిలిన 9 మాత్రలను దిగే స్వరాలతో నింపి ఆవర్తం మూసేయండి: ‘పధపగ పగరి సా’.

సమయం: పల్లవి 2 ఆవర్తాలు, చరణాలు రెండేసి సార్లు 12, ప్రతి చరణం తర్వాత పల్లవి ఒక్కోసారి 4, చివర పల్లవి రెండో కాలంలో (రెట్టింపు వేగంలో) 2 ఆవర్తాలు. మొత్తం 20, నిమిషానికి 60 అక్షరకాలాల నడకలో 160 సెకన్లు. మొదట్లో చిన్న జతి (నోటితో చెప్పే లయ అక్షరాలు) చెప్పుకోడానికి 20 సెకన్లు మిగిలాయి. సాధనలో నిమిషానికి 48తో మొదలుపెట్టండి. రెండో కాలం పల్లవిని మాత్రం, పాదాలు కుదిరేదాకా, వారం రోజులు చేతులతో తాళం వేస్తూ నోటితోనే చెప్పించండి.